మా ఊరి సమాధుల తోటను ఫైండ్ ఎ గ్రేవ్‌లో నమోదు చేశాక: ఒక సమీక్ష

దివిసీమలోని మా ఊళ్లో చర్చి వెనుక, పంటకాలువ గట్టును ఆనుకొని ముప్పై సెంట్ల సమాధుల తోట ఉంది. అందులో పేరు చెక్కిన సమాధులు 143, పేరూ రాయీ లేని మట్టి దిబ్బలు 61. ఈ లెక్క ఇంతకుముందు ఎవరి దగ్గరా లేదు. నిరుడు మా అక్క కూతురు వంశవృక్షం రాసుకుంటూ తన తాతమ్మ పూర్తి పేరూ, చనిపోయిన సంవత్సరమూ అడిగింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చర్చి పాత సమాధి రిజిస్టరు ఉప్పెన నీళ్లలో పోయింది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో కాబట్టి అంతకు ముందు పోయినవారి కోసం పంచాయతీ కాగితాల్లో వెతికినా ఫలితం అంతంత మాత్రమే. మిగిలిన ఆధారం రాయి ఒక్కటే. అందుకని పదకొండు ఆదివారాలు మధ్యాహ్న ఆరాధన ముగిశాక తోటలో కూర్చొని ప్రతి సమాధినీ రాసుకున్నాను. ఆ వివరాలను ఫైండ్ ఎ గ్రేవ్ అనే ఉచిత ఆన్‌లైన్ సేవలోకి ఎక్కించాను. సొంత ఊరి సమాధులను నమోదు చేయాలనుకునే తెలుగువారికి ఆ సేవ ఎంతవరకు పనికొస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష. పనికొస్తుందని ముందే చెబుతున్నాను. అయితే తోటలో కూర్చొని కాగితం మీద రాసుకున్న నోటుపుస్తకం లేకుండా నేరుగా ఫోనుతో మొదలుపెడితే పని సగమే అవుతుంది.

ఫైండ్ ఎ గ్రేవ్‌ను 1995లో అమెరికాలో జిమ్ టిప్టన్ అనే ఆయన ప్రసిద్ధుల సమాధుల కోసం ప్రారంభించారు. తరువాత సామాన్యుల సమాధులు కోట్ల సంఖ్యలో అందులో చేరాయి. 2013లో వంశచరిత్ర సంస్థ ఆన్సెస్ట్రీ దానిని కొన్నది. ఖాతా తెరవడానికీ, వెతకడానికీ, పేర్లు చేర్చడానికీ డబ్బు కట్టనక్కరలేదు. ప్రతి వ్యక్తికి ఒక స్మారక పేజీ, దానికి ఒక సంఖ్య ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, సమాధి ఉన్న చోటు, రాతి మీది రాత, జీవిత విశేషాలు, ఫోటోలు ఒక్కొక్కటీ వేరు వేరు గళ్లలో నమోదవుతాయి. తల్లిదండ్రులను, భార్యాభర్తలను, పిల్లలను ఒకరి పేజీ నుంచి మరొకరి పేజీకి ముడివేయవచ్చు. తల్లిదండ్రుల ముడి సరిగా పడితే తోబుట్టువులు దానంతట అదే ఒకచోట కనబడతారు. వంశవృక్షం కోసం పనిచేసేవారికి అన్నిటికన్నా విలువైనది ఈ సదుపాయమేనని నా అభిప్రాయం. ఎందుకంటే మా తోటలో ఒకే ఇంటివారి సమాధులు మూడు వేరువేరు వరసల్లో ఉన్నాయి. వాటిని ఒక కుటుంబంగా చూపించేది ఈ ముడి మాత్రమే.

వేరే సేవలు ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. 2011లో మొదలైన బిలియన్‌గ్రేవ్స్ యాప్‌లో ఫోటోతో పాటు సమాధి ఉన్న చోటు జీపీఎస్ ద్వారా నమోదవుతుంది. ఫోటో తీసేవారు ఒకరు, రాతిని చదివి ఎక్కించేవారు వేరొకరు కావచ్చు. పెద్ద శ్మశానాలకు అది ఎంతో మేలైన పద్ధతి. మా తోటకు రెండు కారణాల వల్ల కుదరదనిపించింది. మొదటిది చోటు కచ్చితత్వం. ఆరుబయట, ఆకాశం తేటగా కనిపించే చోట కూడా మామూలు ఫోను జీపీఎస్ సుమారు 4.9 మీటర్ల వ్యాసార్ధంలోనే చోటును చూపగలదు. మా ముప్పై సెంట్లలో 204 సమాధులు ఉన్నాయి కాబట్టి, అంత వలయంలో పది పన్నెండు సమాధులు పడతాయి. వాటిలో ఏది ఎవరిదో ఉపగ్రహం చెప్పలేదు. వరస సంఖ్య, వరసలో స్థానం, అడుగుల లెక్కన గీసుకున్న పటం మాత్రమే చెప్పగలవు. రెండవది భాష. చెరిగిపోయిన తెలుగు రాతను ఎక్కడో కూర్చొని ఫోటోలో చదవడం తెలుగు వచ్చినవారికే కష్టం. రాతిని చదివినవారే, ఆ రాతి ముందు ఉండగానే, అక్షరాలను ఎక్కించడం మంచిది.

తెలుగు నేల మీది సమాధుల నమోదు కొత్త విషయమేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి శాసనాల జాబితాను జూలియన్ జేమ్స్ కాటన్ 1905లోనే ప్రచురించారు. దక్షిణాసియాలోని ఐరోపావారి శ్మశానాల కోసం 1976లో లండన్‌లో ఏర్పడిన బాక్సా అనే సంఘం, బ్రిటిష్ ఇండియా కుటుంబాల కోసం 1998లో ఏర్పడిన ఫిబిస్ అనే సంఘం ఆ పనిని నేటికీ శ్రద్ధగా చేస్తున్నాయి. బందరులోని డచ్చివారి సమాధుల గురించి గాని, 1841లో బందరు వచ్చి 1865లో అక్కడే కన్నుమూసిన రాబర్ట్ నోబుల్ వంటి మిషనరీల గురించి గాని వెతికితే సమాచారం దొరుకుతుంది. కాని ఆ మిషనరీల వెంట ఊరూరా తిరిగి పల్లెల్లో చదువు చెప్పిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, కూలినాలి చేసుకొని చర్చికి ఇటుకలు మోసినవారు ఆ జాబితాల్లో కనిపించరు. మా తోటలో ఉన్నది వాళ్లే. వాళ్ల పేర్లు ఎక్కించడానికి ఎవరి అనుమతీ, ఏ హోదా అవసరం లేని సేవ కావాలి. ఫైండ్ ఎ గ్రేవ్ ఆ అవసరం తీరుస్తుంది.

ఇక తోటలో పని సంగతి. మా వైపు సమాధుల పండుగకు ముందు ప్రతి కుటుంబం తమవారి సమాధులకు సున్నం వేస్తుంది. నలభై, యాభై ఏళ్ల సున్నం పొరలు పొరలుగా పేరుకొని అక్షరాల గుంటలను పూడ్చేస్తుంది. కడప రాతి మీద లోతుగా చెక్కిన అక్షరాలు కొంత నిలుస్తాయి. పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు మూడు పొరల సున్నానికే మాయమవుతాయి. వాటిని గీకి చదవాలని అనిపిస్తుంది గాని గీకకూడదు. ఇనుప బ్రష్, ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్ రాతిని శాశ్వతంగా పాడుచేస్తాయి. సుద్ద రుద్దడం కూడా మంచిది కాదు. నేను మంచినీళ్లు, మెత్తని కుంచె తప్ప మరేమీ వాడలేదు. ఆ తరువాత పని వెలుగుదే. నడినెత్తి ఎండలో చదునుగా కనిపించిన రాయి సాయంత్రం నాలుగున్నరకు, ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడేసరికి అక్షరాలను చూపిస్తుంది. నీడలో ఉన్న రాళ్లకు ఇంటి నుంచి తెచ్చిన నిలువు అద్దంతో ఎండను పక్కకు తిప్పి పడవేశాను. అద్దం పట్టుకోవడానికి సండే స్కూలు పిల్లలు ఇద్దరు తోడు వచ్చారు. ఏమీ లేదనుకున్న రాయి మీద అద్దం కొంచెం వంచగానే ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న వరుస నీడలుగా పైకి తేలినప్పుడు ఆ పిల్లలు కేక పెట్టారు.

ప్రతి సమాధికి మూడు ఫోటోలు తీశాను. ఒకటి పూర్తి సమాధి, ఒకటి రాత మాత్రమే, ఒకటి ఇరుగుపొరుగు సమాధులు కూడా కనిపించేటట్లు. మూడవది అనవసరమనిపిస్తుంది గాని, తరువాత ఇంటి దగ్గర సందేహం వచ్చినప్పుడు నన్ను ఎక్కువసార్లు ఆదుకున్నది అదే. చూసి రాసుకోవడంలో తొందరపడి ఒక పొరపాటు చేశాను. ఒక సిమెంటు సిలువ మీద ‘11:25’ అన్న అంకెలు మాత్రం మిగిలితే, చుక్కలను గీతగా భ్రమించి నవంబరు 25గా రాసుకున్నాను. మరుసటి ఆదివారం అద్దం వెలుగులో దానికి ముందు ‘యోహా’ అన్న రెండు అక్షరాలు కనిపించాయి. అది తేదీ కాదు, బైబిలులో యోహాను సువార్త వాక్యం సంఖ్య. అప్పటి నుంచి చదవగలిగిన అక్షరాలను మాత్రమే రాసి, చెరిగిన అక్షరానికి ఒక చుక్క పెట్టి, నా ఊహను విడిగా పక్కన రాయడం అలవాటు చేసుకున్నాను. ఫైండ్ ఎ గ్రేవ్‌లో రాతి మీది రాతకు ప్రత్యేకంగా గడి ఉండటం ఈ విషయంలో గొప్ప మేలు. అందులో తెలుగు లిపిలో, రాతి మీద ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా రాయండి. సరిదిద్దిన వివరం వేరే గళ్లలో ఉంటుంది.

పేర్ల విషయంలో మాత్రం ముందుగానే ఒక పద్ధతి నిర్ణయించుకోవాలి. ఆ సేవలో పేరుకు ముందుపేరు, నడిమిపేరు, చివరిపేరు అనే పాశ్చాత్య వరస ఉంటుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పైగా రాళ్ల మీద ఇంటిపేరు తరచుగా ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. ‘కె. మరియమ్మ’ అని ఉన్న సమాధులు మా తోటలో నాలుగు ఉన్నాయి. ఆ ‘కె’ ఏ ఇంటిదో ఊళ్లోవారిని అడిగితే గాని తెలియదు. నేను ఇంటిపేరును చివరిపేరు గడిలో పూర్తిగా రాసి, రాతి మీది రూపాన్ని రాత గడిలో ఉంచాను. పెళ్లికి ముందరి ఇంటిపేరుకు వేరే గడి ఉండటం వల్ల ఆడవారి పుట్టింటి వంశం కూడా నిలుస్తుంది. మన వంశవృక్షాల్లో మొదట తెగిపోయేది ఆ కొమ్మే కాబట్టి, అత్తింటి పేరుతో సరిపెట్టక ప్రతి ఆడమనిషి పుట్టింటి పేరూ అడిగి రాయవలసిందని గట్టిగా చెబుతున్నాను. బాప్తిస్మం పొందినప్పుడు మారిన పేర్లు మరొక చిక్కు. రాతి మీద దేవదానం అని ఉన్న మనిషిని ఊరంతా వేరే పేరుతో పిలిచి ఉండవచ్చు. ఆ పేరును ముద్దుపేరు గడిలో చేర్చాను.

వెతికేవారికి ఇంగ్లీషు అక్షరక్రమం కూడా ముఖ్యం. ఒకే తెలుగు పేరును మనం మూడు నాలుగు రకాలుగా ఇంగ్లీషులో రాస్తాం. వెతికేటప్పుడు తెలియని అక్షరాల స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టే వీలు ఈ సేవలో ఉంది గనుక దాన్ని వాడుకోవాలి. ఎక్కించేటప్పుడు మాత్రం ఊరంతటికీ ఒకే పద్ధతి పాటించాలి.

తేదీల్లో పాత సమాధులు ఎక్కువ పరీక్ష పెడతాయి. తెలుగు అంకెల్లో రాసిన రాళ్లు మా తోటలో ఆరు ఉన్నాయి. అరిగిన రాతి మీద ౨కూ ౩కూ మధ్య ఉన్న తేడా ఒక్క వంపే. ఒక రాతి మీద అంకెలే లేవు, ‘ప్రజోత్పత్తి సం॥ కార్తీక మాసం’ అని మాత్రం ఉంది. అరవై ఏళ్లకొకసారి తిరిగి వచ్చే పేరు కాబట్టి అది 1871 కావచ్చు, 1931 కావచ్చు, 1991 కావచ్చు. ఆ సమాధి ఇటుకల పరిమాణం, పక్క సమాధి తేదీ, ఆ మనిషి మనుమడి వయసు చూసి 1931 అని తేల్చుకున్నాను. అలా తేల్చుకున్నానని ఆ పేజీలోనే రాశాను. నెల, రోజు తెలియకపోతే సంవత్సరం ఒక్కటే ఇచ్చినా ఈ సేవ తీసుకుంటుంది. తెలియని రోజును జనవరి 1గా నింపే దురలవాటు మన కాగితాల్లో చాలా ఉంది. ఇక్కడ దాని అవసరం లేదు.

మూడవ వరస చివర ఒక వెడల్పాటి రాయి ఉంది. దాని మీద ఐదు పేర్లు, కింద ఒకే తేదీ: 19-11-1977. ఆ శనివారం దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. ఆ ఐదుగురిలో ఇద్దరి శవాలు దొరికాయి, ముగ్గురివి దొరకలేదు. రాయి ఆ తేడా చెప్పదు. ఊళ్లో పెద్దలు చెబుతారు. వంశవృక్షం రాసేవారికి ఎవరు ఇక్కడ పూడ్చబడ్డారు, ఎవరి పేరు మాత్రమే ఇక్కడ ఉంది అన్న తేడా తెలియాలి. ఫైండ్ ఎ గ్రేవ్‌లో శవం లేని స్మారకానికి సెనోటాఫ్ అనే ప్రత్యేకమైన ఎంపిక ఉంది. ముగ్గురి పేజీలకు దాన్ని ఎంచుకున్నాను. ఆ ఎంపిక నొక్కే ముందు ఆ ఇంట్లో మిగిలిన పెద్దామెను వెళ్లి అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చిన్నపిల్ల పేరు రాతి మీద తప్పు పడిందని, ఇంట్లో పిలిచే పేరు కూడా రాయమని చెప్పింది. రాశాను.

పేరు లేని 61 దిబ్బల సంగతి ఏ యాప్ తేల్చగలిగేది కాదు. మా ఊళ్లో గోతులు తీసే పెద్దాయన నలభై ఏళ్లుగా ఆ పని చేస్తున్నాడు. నా పటం పట్టుకొని ఆయన వెంట వరసలన్నీ తిరిగాను. బిళ్ళగన్నేరు మొక్కలున్న ఒక చిన్న దిబ్బ దగ్గర ఆయన నన్ను ఆపి, ‘మాస్టారూ, అటు కాలు పెట్టకండి, ఇక్కడ ఇద్దరున్నారు, తల్లీ బిడ్డాను’ అన్నాడు. ఆయన చెప్పిన పేర్లలో 38 పేర్లను మరొక ఇంటివారు కూడా విడిగా చెప్పారు. అవి మాత్రమే సైటులోకి ఎక్కించి, ఎవరి నోటి మాట ఆధారమో పేజీలో తెలిపాను. ఒక్కరే చెప్పిన పేర్లు నా నోటుపుస్తకంలో, చర్చికి ఇచ్చిన కాపీలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒకసారి పడిన తప్పు పదిమంది వంశవృక్షాల్లోకి పాకుతుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు. చోటు ఇరుకై పాత దిబ్బల మీదే కొత్త సమాధులు కట్టడం మొదలైంది కనుక ఈ పని వాయిదా వేయడానికీ వీలులేదు. శ్మశాన పోరంబోకు అంచులు ఏటా కాస్త కాస్త తగ్గుతున్న ఊళ్లలో, వరసలతో గీసిన పటం సంఘం చేతిలో ఉండటం మరొక విధంగానూ అవసరం.

అనుమతి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మొదలుపెట్టక ముందే చర్చి అయ్యగారికీ, సంఘ పెద్దలకూ చెప్పి, ఆరాధనలో ప్రకటన చేయించాను. వద్దన్న రెండు కుటుంబాల సమాధులు ఎక్కించలేదు. మన సమాధుల మీద అడుగున కుమారులు, కోడళ్లు, అల్లుళ్లు, మనుమల పేర్లన్నీ చెక్కించే ఆచారం ఉంది. వంశవృక్షానికి అది బంగారం. కాని వాళ్లలో చాలామంది బతికే ఉన్నారు. అందువల్ల ఇటీవలి సమాధులకు ఆ భాగం కనిపించని ఫోటోనే సైటులో పెట్టాను, పూర్తి ఫోటో కుటుంబానికి ఇచ్చాను. చదివేవారందరికీ నా సలహా ఇదే.

పేర్లు ఎక్కించడానికి పట్టే సమయం తక్కువేమీ కాదు. ఒక్కొక్క పేజీకి నాకు సుమారు పది నిమిషాలు పట్టింది. ఎక్సెల్ పట్టికగా ఒక్కసారే పంపే వీలు కూడా ఉంది. వివరాలన్నీ ముందే పట్టికలో రాసుకున్నవారికి అది సులువు. మొదటి ఇరవై పేజీలు మాత్రం ఒక్కొక్కటిగా చేయడం మంచిది, ఏ గడిలో ఏది రాయాలో చేతికి వస్తుంది. ఇక్కడ ఎక్కించిన పేర్లు ఉచితంగా నడిచే వంశచరిత్ర సైటు ఫ్యామిలీసెర్చ్‌లో వెతికేవారికి కూడా సూచికలో దొరికే ఏర్పాటు ఉంది. విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలు మొదట వెతికేది అక్కడే గనుక ఇది చిన్న లాభం కాదు. అయినా సైటు మీదే భారం వేయకుండా ఫోటోలు, పట్టిక, పటం అన్నీ రెండు పెన్‌డ్రైవుల్లో, ఒక బైండు పుస్తకంలో కూడా భద్రపరిచాను. పుస్తకం చర్చి బీరువాలో ఉంది. పూడ్చిన ప్రతిసారీ అందులో ఒక వరుస చేర్చే బాధ్యత సంఘ కార్యదర్శి తీసుకున్నారు.

పేజీని ఎక్కించినవారికి ఇతరులు సవరణలు సూచించే సదుపాయం ఈ సేవకు ప్రాణమని నాకు చివరి నెలలో తెలిసింది. మా అక్క కూతురు వెతికిన తాతమ్మ సమాధి ఐదవ వరసలో దొరికింది. రాతి మీద 1961 అని ఎర్ర రంగుతో స్పష్టంగానే ఉంది, నేనూ అలాగే ఎక్కించాను. రెండు వారాలకు హైదరాబాదు నుంచి ఆ కుటుంబంలోని మరొక శాఖవారు సవరణ పంపారు. వారి ఇంటి పాత బైబిలు మొదటి పేజీల్లో జనన మరణాలు రాసి ఉన్నాయి. అందులో సంవత్సరం 1951. ఫోటో పంపించమని అడిగి, సిరా రాతను భూతద్దం పెట్టి చూశాను. తరువాత తోటకు వెళ్లి సాయంత్రపు ఎండలో ఆ రాతిని మళ్లీ చదివాను. ఎర్ర రంగు 6 అడుగున, సున్నం పొర కింద, చెక్కిన 5 తల గీత అడ్డంగా కనిపించింది. ఎన్నో ఏళ్ల క్రితం రంగు వేసినవారు పూడిపోయిన గుంటను 6 అనుకున్నారు. పేజీలో 1951గా మార్చి, రాత గడిలో రెండు రూపాలూ రాశాను. ఈ ఏడు సమాధుల పండుగకు రంగు వేసే కుర్రాడికి కుటుంబంవారు ఆ ఫోటో చూపించి, 6 చెరిపి 5 వేయమని చెప్పారు.